ఇప్పుడు ఏం చదువుతున్నారు? నవలలో రుద్రమ, రాతి మీద రుద్రమ

ఈ ఎపిసోడ్ ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడదాం. హిస్టారికల్ ఫిక్షన్ ఇష్టపడేవాళ్లు ఇద్దరు కలిస్తే మొదట అడుక్కునే ప్రశ్న ఇదే: "ఇప్పుడు ఏం చదువుతున్నావ్?"

ఒకరు 'గోన గన్నారెడ్డి' అంటారు. ఇంకొకరు 'పొన్నియిన్ సెల్వన్' తెలుగులో దొరికింది, రెండో భాగంలో ఉన్నా అంటారు. మూడోవాళ్లు తెన్నేటి సూరి 'చెంఘిజ్ ఖాన్' మళ్లీ చదువుతున్నా, మూడోసారి అంటారు. అక్కడితో ఆగదు కదా. రెండు నిమిషాల్లో ఇంకో ప్రశ్న వచ్చేస్తుంది: "ఇదంతా నిజంగా జరిగిందా?"

ఈరోజు మన టాపిక్ ఈ రెండో ప్రశ్నే. మొదటి ప్రశ్న సరదా. రెండోదానికి మనమిచ్చే జవాబు మాత్రం సరదాగా వదిలేసేది కాదు. మనం ఒకరికొకరు చెప్పుకునే కథే కొన్నాళ్లకు చరిత్ర అయిపోతుంది. నవలలో సీన్ రీల్‌లో డైలాగ్ అవుతుంది, రీల్ వాట్సాప్ ఫార్వర్డ్ అవుతుంది, ఆ ఫార్వర్డ్ చదివిన పిల్లాడు స్కూల్ స్పీచ్‌లో దాన్నే "చరిత్ర చెబుతోంది" అని చదివేస్తాడు. ఈ గొలుసు మధ్యలో ఎక్కడో ఒక అసలు మనిషి ఉంది. ఏడు వందల ఏళ్ల క్రితం బతికి, పాలించి, చనిపోయిన మనిషి. ఆమెకు ఈ గొలుసులో చోటెక్కడ? అది చూద్దాం.

ఈ అలవాటు మనది కాదు, ముత్తాతలది

కలిసి చదవడం, చదివింది పంచుకోవడం సోషల్ మీడియాతో పుట్టిందని మనకో ఫీలింగ్. కాదు. తెలుగులో దీనికి నూరేళ్లు దాటాయి.

1901లో హైదరాబాద్‌లో ఒక లైబ్రరీ పెట్టారు. పేరు శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం. 1904లో హనుమకొండలో ఇంకోటి వచ్చింది. దాని పేరు రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం. పేర్లు గమనించారా? రెండూ రాజుల పేర్లే. ఒకరు ఆముక్తమాల్యద రాసిన రాజు, ఇంకొకరు నన్నయతో మహాభారతం మొదలుపెట్టించిన రాజు. అప్పుడు హైదరాబాద్ రాజ్యంలో ప్రభుత్వ భాష ఉర్దూ. తెలుగులో చదువుకోవడానికి చోటే తక్కువ. అలాంటి టైంలో "మాకూ ఒక చరిత్ర ఉంది" అని బోర్డు మీద రాసి పెట్టుకున్నారు. లైబ్రరీ పేరే ఒక ప్రకటన అన్నమాట.

1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారు, మిత్రులు కలిసి హైదరాబాద్‌లోనే విజ్ఞాన చంద్రికా మండలి పెట్టారు. తర్వాత అది మద్రాసుకు మారింది. వీళ్ల ఐడియా చాలా సింపుల్: తెలుగులో సైన్స్, చరిత్ర, జీవిత చరిత్రలు రావాలి, అందరికీ అందే ధరలో రావాలి. చిలుకూరి వీరభద్రరావు గారి 'ఆంధ్రుల చరిత్రము' మొదటి భాగం 1910లో వీళ్ల ద్వారానే వచ్చింది. అక్కడితో ఆగకుండా నవలలకు పోటీలు కూడా పెట్టారు. కేతవరపు వేంకటశాస్త్రి గారి 'రాయచూరు యుద్ధము' ఆ రోజుల నవలే. 1520లో కృష్ణదేవరాయలు బీజాపూర్ సుల్తాను మీద గెలిచిన యుద్ధం దాని నేపథ్యం.

ఇక్కడ ఒక లింక్ చూడండి. రాబర్ట్ సూయెల్ అనే ఇంగ్లిష్ అధికారి 1900లో విజయనగరం మీద ఒక పుస్తకం తెచ్చాడు. అందులో పేస్, నూనిజ్ అనే ఇద్దరు పోర్చుగీసు వాళ్ల రాతలు ఇంగ్లిష్‌లో ఇచ్చాడు. నూనిజ్ రాతలో రాయచూరు యుద్ధం గురించి వివరంగా ఉంది. అంటే కొత్త ఆధారం బయటికొచ్చింది, చరిత్ర పుస్తకం వచ్చింది, ఆ వెనకే నవల వచ్చింది. ఈ ఆర్డర్ గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

1914లో బెజవాడలో లైబ్రరీల మొదటి మహాసభ జరిగింది. దాని వెనక ఉన్న మనిషి అయ్యంకి వెంకటరమణయ్య గారు. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం మొదలైంది. 1935లో అయితే కొమ్మమూరు కాలువ మీద పడవలో లైబ్రరీ నడిపారు, పాతూరి నాగభూషణం గారి చొరవతో. పుస్తకం ఊరి దగ్గరికే పడవెక్కి వచ్చేది. ఇప్పుడు మనకు పార్శిల్ ఇంటికొస్తే గొప్పగా ఫొటో పెడతాం కదా, వాళ్లు కాలువ గట్టు మీద నిలబడి పడవ కోసం చూసేవాళ్లు.

ఆ తర్వాత వారపత్రికల కాలం. సీరియల్ వారానికి ఒక భాగం వచ్చేది. మీ అమ్మమ్మ గారినో, పెద్దమ్మనో అడిగి చూడండి. పత్రిక ముందు ఎవరు చదవాలనే దాని మీద ఇంట్లో గొడవలు. సీరియల్ పేజీలు చింపి, దాచి, చివర్లో దారంతో కుట్టి బైండ్ చేయించుకోవడం. పక్కింటి వాళ్లకిచ్చి "మడత పెట్టకు" అని పదిసార్లు చెప్పడం. ఊళ్లో అద్దె పుస్తకాల షాపులో రోజుకింత అని కట్టి రాత్రంతా కూర్చుని చదివేయడం. "ఇప్పుడు ఏం చదువుతున్నావ్" అనే ప్రశ్న వాళ్లదీ. యాప్ ఒక్కటే కొత్తది.

ఒక రాణి, ఇద్దరు రచయితలు

ఇప్పుడు అసలు కేసులోకి వద్దాం. రుద్రమదేవి.

మనవాళ్లలో చాలామందికి రుద్రమ రెండు దారుల్లో తెలుసు. ఒకటి 2015లో వచ్చిన గుణశేఖర్ గారి సినిమా. రెండోది నవలలు. నవలల్లో ముఖ్యమైనవి రెండు. అడివి బాపిరాజు గారి 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రి గారి 'రుద్రమదేవి'.

బాపిరాజు గారు లాయరు, చిత్రకారుడు, హైదరాబాద్‌లో మీజాన్ పత్రికకు ఎడిటర్. చిత్రకారుడని ఆయన పేజీ చదివితేనే తెలిసిపోతుంది. రంగులు, నగలు, కోటలు, గుర్రాలు, అన్నీ కళ్ల ముందు కదులుతాయి. ఆయన గన్నారెడ్డి సామంతులకు హడలు పుట్టించే గజదొంగ. లోలోపల మాత్రం రాణికి అండ. సినిమాలో అల్లు అర్జున్ చేసిన పాత్రకు ప్రాణం అదే.

నోరి గారు కూడా లాయరే, రేపల్లెలో. ఆయన పద్ధతి వేరు. నన్నయ కాలం నుంచి ఒక్కో యుగానికి ఒక్కో నవల రాసుకుంటూ వెళ్లారు. ఆయన్ని చదువుతుంటే పండితుడి పక్కన కూర్చున్నట్టుంటుంది. కొంచెం ఓపిక కావాలి. కానీ కవులు ఎలా మాట్లాడుకునేవాళ్లు, సభల్లో ఏం నడిచేది, ఇలాంటివి ఆయన దగ్గర దొరికినట్టు ఇంకెక్కడా దొరకవు.

ఇద్దరూ ఒకే యుగం మీద రాశారు. చదివితే రెండు వేరు వేరు రాజ్యాల్లోకి వెళ్లినట్టుంటుంది. మా కోడింగ్ భాషలో చెప్పాలంటే డేటా ఒకటే, యాప్‌లు రెండు. అయితే ఆ డేటా ఏంటి? అసలు రుద్రమ గురించి మనకు తెలిసింది ఎంత? రాళ్లు ఏం చెబుతున్నాయో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి రాయి: మల్కాపురం

అమరావతి ప్రాంతం, మందడం దగ్గర మల్కాపురం. ఇక్కడ 1261 నాటి శాసనం ఉంది. రుద్రమ తండ్రి గణపతిదేవుడు తన శైవ గురువు విశ్వేశ్వర శివాచార్యుడికి మందర అనే ఊరు ఇస్తానని మాటిచ్చాడు. ఆ మాట నిలబెట్టి, దానంగా ఇచ్చింది రుద్రమ. మందర అంటే ఇప్పటి మందడం. ఆ ఊరితో పాటు వెలగపూడి కూడా. అవును, ఇప్పుడు ఏపీ సెక్రటేరియట్ ఉన్న వెలగపూడే.

ఆ ఆదాయంతో ఏం చేశారో కూడా శాసనంలో ఉంది. గుడి, మఠం, విద్యార్థుల చదువు, అన్నసత్రం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల. ప్రసూతిశాల అంటే కాన్పుల ఆసుపత్రి. 1261లో! వేదాలు చెప్పేవాళ్లు, వ్యాకరణం, తర్కం చెప్పేవాళ్లు, వైద్యులు, వీళ్లందరికీ భూములు కేటాయించారు. అన్నసత్రంలో కులం చూడకుండా ఎవరొచ్చినా అన్నం పెట్టాలని కూడా ఉంది.

ఇప్పుడు చెప్పండి. మన ఫార్వర్డ్‌లలో రుద్రమ అంటే ఏం వస్తుంది? కత్తి, గుర్రం, మగవేషం. కాన్పుల ఆసుపత్రి ఎన్నిసార్లు వచ్చింది? నాకైతే ఏ రీల్‌లోనూ కనపడలేదు. కత్తి సీన్ కన్నా ఇది తక్కువ హీరోయిజం అంటారా? నేను అనను.

మగవేషం సంగతి

రుద్రమను పుట్టినప్పటి నుంచి అబ్బాయిగా పెంచారు, ఆడపిల్ల అని రాజ్యానికి తెలియకుండా దాచారు అనేది సినిమాలో పెద్ద ట్విస్ట్. దీని వెనక ఆధారం ఎంత?

శాసనాల్లో ఆమెకు 'రుద్రదేవ మహారాజు' అనే పేరుంది. ఇది నిజం. ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు రాసిన సంస్కృత గ్రంథం 'ప్రతాపరుద్రీయం'. గణపతిదేవుడు కూతుర్నే కొడుకుగా భావించి రుద్రుడనే పేరు పెట్టాడన్న మాట అందులో ఉంది. ఇక్కడిదాకా రికార్డు.

ఇందులో రహస్యం ఎక్కడుంది? మల్కాపురం శాసనం ఆమెను గణపతిదేవుడి కూతురుగానే చెబుతోంది, అదీ ఊరి మధ్య నిలబెట్టిన రాయి మీద. నిడదవోలు చాళుక్యుల ఇంటి వీరభద్రుడితో ఆమె పెళ్లి అయింది. కొడుకులు లేరు, కూతుళ్లున్నారు. కూతురు ముమ్మడమ్మ కొడుకే ప్రతాపరుద్రుడు. అతన్నే వారసుడిగా పెట్టుకుంది. అందరికీ తెలిసే ఆమె పురుష నామంతో రాజ్యం చేసింది. దాచిపెట్టడం వేరు, బిరుదు వేసుకోవడం వేరు.

నాకు ఈ అసలు వెర్షనే ఎక్కువ గట్టిగా అనిపిస్తుంది. ఎందుకంటే దాచి పెంచితే, కష్టమంతా రహస్యం బయటపడకుండా చూసుకోవడంలోనే ఉంటుంది. దాచకపోతే? ఒక ఆడమనిషి సింహాసనం మీద కూర్చుందని సామంతులందరికీ తెలుసు. నచ్చనివాళ్లున్నారు, పక్క రాజ్యం వాళ్లు చూస్తున్నారు. అయినా దాదాపు పాతికేళ్లు నడిపింది. దేవగిరి యాదవ రాజు మహాదేవుడు దండెత్తి వస్తే వెనక్కి తరిమారు. ఆమె సైన్యం వెళ్లిన దూరానికి బీదర్ కోటలో దొరికిన శాసనం సాక్ష్యం. రహస్యం లేకుండానే ఇంత డ్రామా ఉంది చూడండి.

విదేశీ సాక్షి కూడా పొరబడ్డాడు

"సరే బ్రో, శాసనాలు పక్కన పెట్టు, కళ్లతో చూసినవాడు రాస్తే నమ్మొచ్చు కదా" అంటారు కొందరు. మార్కోపోలోను తీసుకుందాం. 1290ల మొదట్లో మన తీరం వైపు వచ్చిన వెనిస్ వ్యాపారి. మోటుపల్లి రేవు గురించి రాశాడు. ఇప్పుడది బాపట్ల జిల్లాలో ఉంది. అక్కడి వజ్రాల గురించి, సాలెగూడు లాంటి పల్చటి బట్టల గురించి రాశాడు. ఈ రాజ్యాన్ని ఒక రాణి ఏలిందని, ఎంతో తెలివైనది, న్యాయంగా పాలించిందని మెచ్చుకున్నాడు.

కానీ ఆమె చనిపోయిన రాజు భార్య అని రాశాడు. భర్త పోయాక నలభై ఏళ్లు పాలించిందని రాశాడు. రెండూ తప్పే. ఆమె గణపతిదేవుడి కూతురు. పాలించింది కూడా నలభై ఏళ్లు కాదు.

అంటే రేవులో విన్న మాట రాసుకున్నాడు. ఒక రకంగా అదీ ఫార్వర్డే. అయితే పనికిరానిదని పారేయాలా? అక్కర్లేదు. రాణి మంచి పేరు సముద్రం దాటి వెళ్లిందని మాత్రం ఆయన వల్ల కచ్చితంగా తెలుస్తోంది. ఒక ఆధారం ఏ విషయంలో పనికొస్తుంది, ఏ విషయంలో పనికిరాదు అని విడదీసుకోవాలి. చరిత్రకారులు రోజూ చేసే పని ఇదే.

రెండో రాయి: చందుపట్ల

నల్లగొండ జిల్లా నకిరేకల్ దగ్గర చందుపట్ల అనే ఊరుంది. అక్కడి రాయి మీద తేదీ 1289 నవంబర్ 27. వేయించింది పువ్వుల ముమ్మడి అనే మనిషి. రాజు కాదు, సామంతుడు కాదు. మల్లికార్జున నాయకుడు అనే సేనాని దగ్గర పనిచేసిన సేవకుడు. కాకతి రుద్రమదేవి, మల్లికార్జున నాయకుడు శివలోకం చేరారు, వాళ్ల పుణ్యం కోసం సోమనాథ దేవుడికి భూమి ఇస్తున్నా అని ఆ శాసనం సారాంశం.

రాణి, సేనాని ఇద్దరూ ఒకే రాయి మీద, ఒకే దానంలో. కాయస్థ అంబదేవుడు అప్పటికే తిరగబడి ఉన్నాడు. ఆ యుద్ధంలోనే వీళ్లిద్దరూ పోయి ఉంటారని చరిత్రకారులు అంచనా వేశారు. గుర్తుపెట్టుకోండి, అది అంచనా. రాయి మీద "యుద్ధంలో" అనే మాట వెతికితే దొరకదు. కానీ సేనాని, రాణి ఒకేసారి పోయారంటే అలా అనుకోవడానికి కారణం ఉంది.

ఇంకో విషయం. బాపిరాజు గారు 1952లో పోయారు. నోరి గారి నవల కూడా ఆ రోజుల్లోదే. చందుపట్ల శాసనం వెలుగులోకి వచ్చింది ఆ తర్వాత. అంటే రుద్రమ మీద మనం ఇష్టంగా చదివే ఆ రెండు నవలలు రాసిన చేతులకు, ఆమె చివరి రోజుల గురించిన ఈ ఆధారం అందలేదు. తప్పు వాళ్లది కాదు, రాయి ఇంకా మాట్లాడలేదు అంతే. మొదట చెప్పిన ఆర్డర్ గుర్తుందా? ఆధారం, చరిత్ర పుస్తకం, తర్వాత నవల. ఇక్కడ నవల ముందొచ్చింది, ఆధారం తర్వాతొచ్చింది. అందుకే 1950ల నవల చదివి "రుద్రమ ఇలా పోయింది" అని చెప్పకూడదు.

నన్ను పట్టుకున్నది ఇంకోటి. రాణి మరణానికి ఇంత స్పష్టమైన తేదీ మనకిచ్చింది ఆస్థాన కవి కాదు, ఒక సేవకుడు. యజమాని పోయాడు, రాణి పోయింది, తన చేతనైనంతలో ఒక రాయి వేయించాడు. ఏడు వందల ఏళ్ల తర్వాత మనం ఫోన్‌లో ఆ తేదీ చదువుతున్నాం. నవలల్లో పువ్వుల ముమ్మడికి పాత్ర లేదు. ఎవరైనా రాస్తే నేను మొదటి రోజే కొంటా.

మూడో రాయి: రాయచూరు

మరి గన్నారెడ్డి? అసలున్నాడా, లేక పూర్తిగా బాపిరాజు గారి ఊహేనా?

ఉన్నాడు. రాయచూరు కోట గోడలో ఒక పెద్ద రాయి ఉంది. పొడవు సుమారు 41 అడుగులు. ఒకే రాయి. దాని మీద తెలుగు శాసనం, 1294 నాటిది. గోన గన్నారెడ్డి ఆదేశంతో విఠలనాథుడు ఈ కోట కట్టించాడని దాని సారాంశం. అప్పటికి వరంగల్‌లో ప్రతాపరుద్రుడు రాజు. అంత రాయిని బండి మీద లాక్కొచ్చిన దృశ్యం కూడా అక్కడ చెక్కారు. కర్ణాటకలో ఉన్న కోట, తెలుగు రాత, కాకతీయ సామంతుడి పేరు. ఆ వైపు వెళ్తే కచ్చితంగా చూడండి.

గోన వంశం వాళ్లది వర్ధమానపురం సీమ, ఇప్పటి నాగర్‌కర్నూల్ ప్రాంతం. ద్విపదలో రంగనాథ రామాయణం రాసిన గోన బుద్ధారెడ్డి కూడా ఈ వంశం మనిషే.

అంటే రాయి మీద గన్నారెడ్డి ఒక పెద్ద సామంతుడు, కోట కట్టించినవాడు. గజదొంగ అని ఆ రాయి చెప్పదు. ఆ వేషం, ఆ చిలిపితనం, ఆ ప్రేమకథ బాపిరాజు గారి చేతి పని. ఇది తెలిశాక నవల మీద ఇష్టం తగ్గిందా? నాకు పెరిగింది. ఒక రాతి మీది పేరు పట్టుకుని అంత మనిషిని తయారు చేశాడంటే ఆయన ఎంత కళాకారుడో అర్థమైంది. పొగడాల్సింది రచయితను. గన్నారెడ్డి దోచుకున్న లెక్కలు చరిత్ర అని పంచితే మాత్రం ఇద్దరికీ అన్యాయం, రచయితకు, గన్నారెడ్డికి కూడా.

తమిళ ఫ్రెండ్స్ నుంచి ఒక పాఠం

ఈ పని బాగా చేస్తున్నవాళ్లున్నారు. 'పొన్నియిన్ సెల్వన్' అభిమానులు. కల్కి గారు 1950 నుంచి 1954 దాకా తన పత్రికలో వారం వారం రాసిన నవల అది. 2022, 2023లో మణిరత్నం సినిమాలుగా వచ్చి తెలుగులోనూ ఆడాయి. తమిళనాడులో దాని అభిమానులు నవలలో వచ్చిన చోట్లకు బృందాలుగా వెళ్తుంటారు. వీరనారాయణ ఏరి గట్టు మీద నిలబడి నవల మొదలైన చోటు ఇదే అని చూసుకుంటారు.

నవలలో యువరాజు ఆదిత్య కరికాలుడి హత్య పెద్ద మిస్టరీ. కాట్టుమన్నార్‌కోయిల్ దగ్గర ఉడయార్‌గుడి గుడిలో ఒక శాసనం ఉంది. ఆ హత్యకు కారణమైన ద్రోహులంటూ సోమన్, రవిదాసన్, పరమేశ్వరన్ వాళ్ల పేర్లు, వాళ్ల బంధువుల ఆస్తుల జప్తు సంగతి అందులో ఉంది. రవిదాసన్ నవలలోనూ ఉన్నాడు. నందిని మాత్రం ఏ రాయి మీదా లేదు, కల్కి గారి సృష్టి. వందియదేవుడి పేరు తంజావూరు శాసనంలో కుందవై భర్తగా వస్తుంది. ఆ ఒక్క పేరు మీద కల్కి గారు ఐదు భాగాల హీరోను నిలబెట్టారు. బాపిరాజు గారు చేసిందీ ఇదే కదా.

ఇందులో మనకో చుట్టరికం ఉంది. ఆ పొన్నియిన్ సెల్వన్, అంటే రాజరాజ చోళుడి కూతురి పేరు కూడా కుందవై. ఆమెను వేంగి చాళుక్య విమలాదిత్యుడికిచ్చి పెళ్లి చేశారు. వాళ్ల కొడుకే రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడు. నన్నయ భారతం ఆయన కోసమే మొదలైంది. అంటే మన ఆదికవిని కూర్చోబెట్టి రాయించిన రాజు, పొన్నియిన్ సెల్వన్‌కు మనవడు. హనుమకొండ లైబ్రరీ బోర్డు మీద ఉన్న పేరు ఈయనదే. ఆ నవల మీద మనకూ కొంచెం మేనరికం హక్కుంది!

ఇక్కడే నోరి గారి 'నారాయణభట్టు' అందుకోండి. భారత రచనలో నన్నయకు తోడున్న పండితుడి కథ. దాని పక్కన పెట్టుకోవాల్సిన ఆధారం నందంపూడి శాసనం. రాజరాజ నరేంద్రుడు నారాయణభట్టుకు నందంపూడి అనే ఊరు దానమిచ్చిన శాసనం అది. రాసింది స్వయంగా నన్నయ.

అయితే మనం ఎలా పంచుకుందాం?

"మరి నవలలు మానేసి శాసనాలే చదవాలా" అని అడుగుతారు. అస్సలు వద్దు. శాసనం ఒక్కటే ఇస్తే మనలో చాలామంది రెండు లైన్లకే ఫోన్ పక్కన పెట్టేస్తాం. మనల్ని ఆ కాలంలోకి తీసుకెళ్లేది నవలే. 'గోన గన్నారెడ్డి' చదవని మనిషి రాయచూరు రాయి కోసం అంత దూరం ఎందుకు వెళ్తాడు? విజ్ఞాన చంద్రికా మండలి వాళ్లు చరిత్ర పుస్తకం, నవల రెండూ వేశారంటే అందుకే. ఒకటి తలుపు, ఇంకోటి ఇల్లు.

పంచుకునేటప్పుడు ఒక చిన్న అలవాటు చేసుకుందాం. "ఇప్పుడు ఇది చదువుతున్నా" అని చెప్పేటప్పుడు మూడు ముక్కలు విడదీసి చెప్పండి. రాయి మీద ఏముంది, పాత పుస్తకాల్లో ఏముంది, రచయిత ఊహ ఏంటి. రుద్రమ విషయంలో అయితే ఇలా: కాన్పుల ఆసుపత్రి రాయి మీద ఉంది. కూతుర్ని కొడుకుగా భావించిన మాట పాత గ్రంథంలో ఉంది. గజదొంగ గన్నారెడ్డి బాపిరాజు గారి ఊహ. ఇంతే. ముప్పై సెకన్లు పట్టదు.

నవల ఎప్పుడు రాశారో కూడా చూడండి. ఆ సంవత్సరం తర్వాత బయటపడ్డవి రచయితకు తెలిసే అవకాశం లేదు. మేము సాఫ్ట్‌వేర్‌లో వెర్షన్ నంబర్ చూడకుండా ఏదీ ఇన్‌స్టాల్ చేయం. నవలకూ అదే రూల్.

రాజుల నవల ఒకటి చదివితే, మామూలు జనం పుస్తకం ఒకటి చదవండి. సురవరం ప్రతాపరెడ్డి గారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' ఉంది. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకిచ్చిన మొదటి అవార్డు, 1955లో, దానికే. రాజులు ఎవర్ని గెలిచారన్నది కాదు, జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అన్నది ఆయన పట్టు. కాకతీయుల కాలం మీద ఒక అధ్యాయం ఉంది. ముందు అది చదివి తర్వాత 'గోన గన్నారెడ్డి' తెరిచి చూడండి, వీధుల్లో జనం కూడా కనపడటం మొదలవుతుంది.

చివరిగా ఒక్క మాట. మన ఊళ్లలో, గుడి వెనకాల, చెరువు గట్టు మీద ఇంకా ఎన్నో రాళ్లున్నాయి. కొన్నింటికి సున్నం కొట్టేశారు, కొన్నింటి మీద బట్టలు ఉతుకుతున్నారు, కొన్ని రోడ్డు పనుల్లో పగిలిపోయాయి. చందుపట్ల రాయి కూడా అలా పోయి ఉంటే, రుద్రమ ఎప్పుడు పోయిందో మనకు తెలిసేదే కాదు. అక్కడ నవల ఒక్కటే మిగిలేది, అదే చరిత్ర అనుకునేవాళ్లం. కాబట్టి మీ ఊళ్లో అక్షరాలున్న రాయి కనపడితే దాని మీద రంగు, పసుపు పుయ్యకుండా, గీకకుండా ఫొటో తీయండి. పక్కనుంచి ఎండ పడే పొద్దుటి పూటో సాయంత్రమో తీస్తే అక్షరాలు బాగా కనిపిస్తాయి. పురావస్తు శాఖ వాళ్లకో, దగ్గర్లోని కాలేజీ హిస్టరీ లెక్చరర్‌కో చూపించండి. రేపు ఒక నవలా రచయితకు అదే మొదటి పేజీ కావచ్చు.

నేను ప్రస్తుతం నోరి గారి 'నారాయణభట్టు'లో సగంలో ఉన్నా, పక్కన నందంపూడి శాసనం పెట్టుకుని. మరి మీరు? ఇప్పుడు ఏం చదువుతున్నారు? అందులో రాయి ఎంత, ఊహ ఎంత? ఈ రెండో ప్రశ్న మర్చిపోకుండా చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.